కేసెట్టులో అబ్బాజాన్
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబమును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లము. మా తెలుగులో ఉర్దూ యాస దొర్లితే సర్దుకోండి. ధర్మసూక్ష్మాలు చెప్పడానికి ఇక్కడ ఆలిములున్నారు. మేము మా ఇంటి సంగతే, దాపరికం లేకుండా చెబుతాము. ఎందుకంటే ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు.

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. మా అబ్బాజాన్ 1983లో పోయినారు. అప్పటికి భాయీజాన్‌కు ఏడేళ్లు, ఆపాకు ఐదు, మాకు మూడు. వీసా కోసం అమ్మీ నగలు పోయినాయి, పైన వడ్డీ అప్పు. రెండు మూడేళ్లకొకసారి సెలవు మీద వచ్చి, నలభై రోజులుండి, మళ్లీ పోయేవారు.

ఆయన ఉర్దూలో ఉత్తరం రాసేవారు. అమ్మీకి ఖురాన్ చదవడం వచ్చు గాని ఉర్దూ ఉత్తరం చదువుకోవడం రాదు. పక్కింటి పెద్దాయన చదివి వినిపిస్తే ఇరుగుపొరుగు అంతా వినేవారు. నలుగురు వినే ఉత్తరంలో ఆలుమగలు ఏం చెప్పుకుంటారు?

తర్వాత టేపురికార్డరు వచ్చింది. ఊరికి వచ్చిపోయేవాళ్ల చేతికి కేసెట్లు ఇచ్చి పంపుకునేవారు. అమ్మీ మమ్మల్ని బయటికి పంపి, గడియ పెట్టుకొని మాట్లాడేది. మేము తలుపు సందులోంచి వినేవాళ్లం. అక్కడ కూడా "అంతా ఖైరియత్" అనే మాటే! భాయీజాన్ టైఫాయిడుతో మంచం పట్టిన వారం కూడా అదే మాట. అటు ఆయనకు ఐదు నెలలు జీతం అందలేదు. ఆయన కేసెట్టులోనూ ఖైరియతే. ఇద్దరూ ప్రేమకొద్దీ దాచినారు. దాచినకొద్దీ ఒకరికొకరు తెలియకుండా పోయినారు.

పిల్లల సంగతీ అంతే. ఆపా ఆరో తరగతికి వచ్చింది. అబ్బాజాన్ మాత్రం "పాలు తాగుతున్నావా బిడ్డా, ఏడవడం లేదు కదా" అని అడిగేవారు. ఆయనకు గుర్తున్న బిడ్డ ఆమె. ఆపా మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినాయి. రెండు నెలలు మాకు ఏ కబురూ లేదు. ఆ రోజుల్లో మనదేశం వాళ్లను లక్షకు పైగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చినారు. వాళ్లలో మా అబ్బాజాన్ ఒకరు. ఒక్క చేతిసంచితో ఇంటికొచ్చినారు. వీధి వీధంతా అల్‌హమ్దులిల్లాహ్ అన్నది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఏడేళ్లు ఇల్లు నడిపింది అమ్మీ. ఆయన ఎదురుగానే మేము "అమ్మీ, ఆడుకోను పోదుమా?" అని అడిగేవాళ్లం. ఆయన ముఖం చిన్నబోయేది. ఒక రాత్రి అన్నం దగ్గర "ఈ ఇంట్లో నేనెవరిని?" అని గట్టిగా అడిగినారు. భాయీజాన్ తినేది వదిలి లేచిపోయినాడు. అమ్మీ మాత్రం కదల్లేదు. టైఫాయిడు, అప్పులవాళ్ల మాటలు, ఒంటరి రాత్రుళ్లు అన్నీ చెప్పింది. ఆయనా చెప్పినారు – జీతం ఎగ్గొట్టిన యజమాని, ఎండలో పని, జోర్డాన్ దారిలో నీళ్లకు పడిన పాట్లు. మేము దుప్పటి కింద మేలుకొని విన్నాము. మాకు తండ్రి అంటే ఎవరో తెలిసింది ఆ రాత్రే.

1992లో ఆయన మళ్లీ కువైట్ పోయినారు. ఈసారి కేసెట్లు వేరు. "మిద్దె కారుతోంది, ఆపా లెక్కల్లో తప్పింది" అని అమ్మీ చెప్పేది. "మోకాలు నొప్పి, ముదీర్ కసురుకున్నాడు" అని ఆయన చెప్పేవారు. దూరం అంతే ఉంది, మనుషులు దగ్గరైనారు. 2011లో ఆయన పోయేదాకా రాత్రిళ్లు పక్కన పడుకొని కాళ్లు పట్టింది ఆ భాయీజానే.

ఇప్పుడు ఫోనులో రోజూ ముఖాలు చూసుకుంటున్నాము. అయినా మా బడిలో "మా అబ్బా" అని వ్యాసం రాయమంటే, ఆయన పంపిన వస్తువుల పేర్లు రాసే పిల్లలున్నారు. అందుకే మా మనవి. మంచి మార్కులే కాదు, తప్పిన సబ్జెక్టు సంగతి కూడా పిల్లవాడి నోటితోనే తండ్రికి చెప్పించండి. సెలవు మీద వచ్చిన తండ్రిని విందులకే తిప్పక, ఒక పూట బడికి పంపండి. ఇల్లు నడిపే తల్లి పేర బ్యాంకు ఖాతా ఉండాలి. తిరిగొచ్చిన తండ్రికి ఇంట్లో ఒక పని, ఒక మాట ఉండాలి.

ఖైరియత్ మంచి మాటే. దాన్ని దుఆగా చెప్పుకుందాము గాని, కష్టాన్ని కప్పే పరదాగా వాడుకోవద్దు.