చెరసాలనుండి వచ్చిన ఉత్తరము
(మన సంఘము వారి క్రిస్మస్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ భక్తిజీవనమునందలి ఆనందమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మన కార్యదర్శిగారు కోరినప్పుడు నేను వెంటనే సమ్మతింపలేదు. నేను బోధకుడను కాను. సచివాలయములో ఫైళ్లపై అభిప్రాయములు వ్రాయుట నా వృత్తి. ఆ వ్రాతలలో ఆనందమునకు చోటు తక్కువయని మీలో పలువురకు అనుభవముచేతనే తెలియును. ఇక ఆనందమను మాట మన వారికి క్రొత్తది కాదు. తైత్తిరీయోపనిషత్తులో ఆనందవల్లి యను భాగమే కలదు. ఆ తారతమ్య విచారము పండితులకు విడిచి, నేను చిన్ననాటినుండి చదువుచున్న ఒక ఉత్తరమును గూర్చి మాత్రము చెప్పెదను.

అది పౌలు అపొస్తలుడు ఫిలిప్పీ పట్టణములోని విశ్వాసులకు వ్రాసినది. మొత్తము 4 అధ్యాయములు, 104 వచనములు. అరగంటలో చదివి ముగింపవచ్చును. క్రీస్తు శకము మొదటి శతాబ్ది మధ్యభాగమున రోము నగరమునుండి వ్రాసెనని సంప్రదాయము. ఎఫెసునుండి యనియు, కైసరయనుండి యనియు వాదించు పండితులును కలరు. ఎక్కడనుండి యైనను, చెరసాలనుండి వ్రాసెననుటకు ఆ ఉత్తరమే సాక్ష్యము. తనకు విడుదల కలుగునో మరణము ప్రాప్తించునో ఆయనకు తెలియదు. అట్టి స్థితిలో వ్రాసిన ఈ చిన్న ఉత్తరములో సంతోషము, సంతోషించుట అను మాటలు గ్రీకు మూలమున 16 మార్లు వచ్చినవి.

కళాశాలలో చదువుకొను దినములలో నేను దీనిని ధైర్యశాలి యొక్క ఉత్తరమని తలచితిని. కష్టములు వచ్చినను చిరునవ్వు వీడని మహాపురుషుడని మెచ్చుకొంటిని. నలువది యేండ్లు దాటిన పిమ్మట చదువగా ఆ భావము నిలువలేదు. ఎపఫ్రొదితు అను మిత్రుడొకడు ఫిలిప్పీవారి కానుకను తెచ్చి, అచ్చటనే జబ్బుపడి, చావు దాకా పోయి బ్రతికెను. అతడు పోయి యున్నయెడల తనకు దుఃఖము ఎంత పెరిగి యుండెడిదో పౌలు దాచుకొనక వ్రాసినాడు. కనుక ఇది దుఃఖము నెరుగని వాని ఆనందము కాదు. ఏ స్థితిలోనైనను తృప్తి కలిగి యుండుటను తాను నేర్చుకొంటినని కూడ ఆయన చెప్పినాడు. నేర్చుకొంటినన్న మాట నన్ను చాల ఊరడించినది. పుట్టుకతో వచ్చినదైనచో మనబోటివారికి ఆశ యెక్కడిది?

ఈ ఉత్తరమునకు వెనుక ఒక కథ కలదు. ఫిలిప్పీ అప్పుడు మాసిదోనియలోని రోమను వలస పట్టణము. సైన్యమునుండి విరమించిన రోమను సైనికులకు అక్కడ భూము లిచ్చి స్థిరపరచినారు. పౌలు, సీల అను నిరువురు ఆ యూరికి మొదట వచ్చినప్పుడే వారిని బెత్తములతో కొట్టించి, లోపలి చెరసాలలో వేసి, కాళ్లకు బొండ వేసినారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఈ వృత్తాంతము చూడవచ్చును. మధ్యరాత్రమున వా రిరువురు కీర్తనలు పాడుచుండిరి. తక్కిన ఖైదీలు వినుచుండిరి. భూమి కంపించి తలుపులు తెరుచుకొన్నవి. ఖైదీలు పారిపోయిరని తలచి చెరసాల అధికారి కత్తి దూసి ప్రాణము తీసికొనబోవగా, అందరము ఇక్కడనే యున్నామని పౌలు కేక వేసెను. ఆ రాత్రియే ఆ యధికారి వారి గాయములు కడిగి, తన యింటికి తోడ్కొనిపోయి భోజనము పెట్టెను. ఇంటివారందరును సంతోషించిరని గ్రంథము చెప్పుచున్నది.

ఆ ఖైదీలు వినుచుండిరన్న మాటయొద్ద నేను ఎప్పుడును ఆగుదును. వారెవరో, ఏ నేరము చేసిరో మనకు తెలియదు. పాట వారి కొరకు పాడినది కాదు. అయినను వారికి చేరినది. మన దేశములో పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రైస్తవ భక్తిని తెలుగు కీర్తనలలో పాడుకొన్నప్పుడు జరిగినదియు ఇట్టిదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడు, కీర్తనకు పైన రాగము, తాళము వ్రాసి యుండును. డిసెంబరు రాత్రులలో మా గుంటూరు జిల్లా గ్రామములలో లాంతరు పట్టుకొని యింటింటికి పాడుచు పోయెడి బృందముల వెంట మతభేదము లేక పిల్లలందరును నడచెడివారు. వారికి కావలసినది అరిసె ముక్క యనుకొన్నను, పాట చెవిని పడకమానదు గదా.

ఉత్తరమునకు మరలి వత్తును. పౌలు వాడిన 16 మాటలలో రెండు ప్రత్యేకమైనవి. అవి ఉత్త సంతోషించుట కాదు, కూడి సంతోషించుట. మన సంస్కృతములో ‘సహ’ చేర్చినట్లు గ్రీకులో ఒక ఉపసర్గ చేర్చి ఆ క్రియను చేసినారు. తన ప్రాణము పానార్పణముగా పోయబడినను మీతో కూడ సంతోషింతును, మీరును నాతో కూడ సంతోషింపుడని ఆయన భావము. అంతకు ముందే మరియొక మాట వ్రాసినాడు: మీరు ఏకమనస్కులై యుండి నా సంతోషమును పూర్తిచేయుడని. అనగా చెరలో నున్న యాయన ఆనందములో ఒక భాగము ఫిలిప్పీ పట్టణములో నున్నది. అచ్చట యువొదియ, సుంటుకే అను నిద్దరు స్త్రీలకు మనస్పర్థ. ఇరువురును సువార్త పనిలో పాటుపడినవారే. ఆ తగవును తీర్చుడని పేరు పెట్టి వ్రాసినాడు. మన సంఘము కార్యవర్గ సమావేశములకు వచ్చువారెవ్వరును దీనికి ఆశ్చర్యపడరు.

ఒక ఆఫీసరుగా నాకు నవ్వు వచ్చునది ఇంకొకటి. ఈ ఉత్తరము వ్రాయుటకు ముఖ్య కారణములలో కానుక ముట్టినదని తెలుపుట యొకటి. ఆ విషయము నాలుగవ అధ్యాయము చివర కాని స్పష్టముగా రాదు! మా శాఖలో ఎవరైన అట్లు వ్రాసినచో తిరుగగొట్టి పంపెదము. అయితే ఆ చివరి వాక్యములు బహు సున్నితమైనవి. ఇచ్చుట, పుచ్చుకొనుట అను లెక్కల భాష, ముట్టినదని రసీదులలో వ్రాయు మాటతో సహా, అక్కడ వాడినాడు. నాకు అవసరము లేకపోయినను అన్న గర్వము, మీరే దిక్కన్న దైన్యము రెండును లేకుండ, పుచ్చుకొనుటలోని సంతోషమును తెలిపినాడు. ఇచ్చుటకంటె పుచ్చుకొనుట కష్టమని నాకు తోచును. దానికి కారణము చెప్పి విరమింతును.

కొన్ని సంవత్సరముల క్రిందట నవంబరు నెలలో మా తల్లి కాలము చేసినది. ఆమె ప్రతి శీతకాలమును ఢిల్లీలో మా క్వార్టరులో గడపెడిది. క్రిస్మస్ నాడు తన చేతితో వండిన అరిసెలు పళ్లెములో పెట్టి, పైన గుడ్డ కప్పి, మెట్లు దిగి క్రింది యింటికి తానే పట్టుకొనిపోయెడిది. ఆ యింటిలో మన సభ్యులొకరి తల్లిగారు, మా పిల్లలు మామ్మగారని పిలిచెడి వృద్ధురాలు, ఉండిరి. ఆ యేడు మేము ఏమియు వండలేదు. వాకిట కాగితపు నక్షత్రము కట్టలేదు. ప్రార్థనకు పోయి వచ్చి తలుపు వేసికొంటిమి. దుఃఖము నాది, దానిని ఎట్లు గడుపుకొందునో నా యిష్టమని నా తలపు. పండుగ మానుట తల్లికి చేసిన మర్యాద యనియు అనుకొంటిని.

సాయంకాలము మామ్మగారు మోకాళ్ల నొప్పితో రెండంతస్తులు ఎక్కి వచ్చినారు. చేతిలో మా యమ్మ పళ్లెము.

“పోయినేడు ఇచ్చిన పళ్లెం నాయనా, మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉత్త పళ్లెం ఇవ్వకూడదు గదా అని నాలుగు అరిసెలు వేశాను. మీ అమ్మ చేసినట్టు రావు నాకు,” అన్నారు. అని వాకిటివైపు చూచి, “చుక్క కట్టలేదేం? చీకట్లో మీ ఇల్లు దానితోనే గుర్తుపడతాను నేను,” అన్నారు.

నేను బదులు చెప్పలేకపోతిని. పళ్లెము మాత్రము రెండు చేతులతో అందుకొంటిని. ఆమె కూర్చుండి, మా తల్లి తనతో చెప్పుకొన్న ఊరి కబుర్లు, మేమెరుగనివి, చెప్పుచుండగా మా శ్రీమతి కన్నీరు తుడుచుకొనుచునే నవ్వినది. నెల దినములలో ఆ యింట వినిపించిన మొదటి నవ్వు అది. మా అబ్బాయి అటకమీదినుండి నక్షత్రము దింపినాడు. ఒక కోణము చినిగియున్నది. అట్లే కట్టితిమి.

మామ్మగారు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చున్నారు. తన మాట ఎత్తినందుకు నాపై కోపగించుచున్నట్లున్నది. ఆ పళ్లెము నాటినుండి మెట్లు దిగుచును ఎక్కుచును ఉన్నది. ప్రస్తుతము మా యింట నున్నది. 25వ తేదీన దానిని క్రిందికి పంపవలసియున్నది. బియ్యము నానబోయుట యింకను కాలేదని మా శ్రీమతి యిందాకనే హెచ్చరించినది. కనుక సెలవు.