మానింగ్ వెళ్లిన మరుసటి ఏడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా అనుభవాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఉద్యోగం సంగతులు చెబితే మీకు నిద్రొస్తుంది కాబట్టి ఒక ఆట గురించి చెబుతాను. 1998లో నేను నాక్స్‌విల్ ఊళ్లో, టెనెసీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఆ ఏడాది మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు దేశానికే ఛాంపియన్ అయింది.

ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతి రెండు కొసలా సన్నగా ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ. చేత్తో విసరడం, చంకలో పెట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే ఇంకో నాలుగు ఇస్తారు. అడ్డుకునేవాళ్లు కబడ్డీలోలాగే మీదపడి పట్టేస్తారు. బంతి ఎవరికి ఇవ్వాలో, ఎటు విసరాలో చూసుకునేవాడు క్వార్టర్‌బ్యాక్.

కాలేజీ ఆటే కదా అని తీసిపారేయకండి. నది ఒడ్డున నీలండ్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. శనివారం వస్తే ఊరంతా నారింజ రంగు చొక్కాలే. కొందరు పడవల్లో వచ్చి స్టేడియం పక్కనే కట్టేసుకుంటారు. అన్నట్టు, ఆ స్టేడియానికి ఎవరి పేరు పెట్టారో ఆ జనరల్ నీలండ్ పాత కోచ్, సైన్యంలో ఇంజనీరు. ఈ సభలో ఉన్న ఇంజనీర్లు ఒకసారి చప్పట్లు కొట్టుకోవచ్చు.

అంతకుముందు దాకా అక్కడి క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్. 1998 ఏప్రిల్‌లో వృత్తి జట్లు ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు దేశం మొత్తం మీద మొట్టమొదట పిలిచిన పేరు అతనిదే. అంతటివాడున్నా ఫ్లోరిడా జట్టు చేతిలో మాత్రం ఓటమే. మానింగ్ రాకముందు నుంచీ లెక్కేస్తే వరసగా అయిదేళ్లు ఓడాం. జాతీయ టైటిల్ చూసి 1951 నుంచి నలభై ఏడేళ్లు. అతను వెళ్లిపోయాక మా ల్యాబులో అందరిదీ ఒకటే మాట, ఇక ఆశ వదులుకోవాల్సిందేనని.

అతని చోట్లోకి వచ్చినవాడు టీ మార్టిన్. అలబామాలోని మొబీల్ ఊరి కుర్రాడు. మానింగ్ వెనక రెండేళ్లు బెంచీ మీదున్నాడు. మొదటి ఆట సిరక్యూస్ మీద, 34-33. ఆఖరి క్షణంలో జెఫ్ హాల్ తన్నిన బంతితో బతికిపోయాం. తరవాత ఫ్లోరిడా మా ఊరికే వచ్చింది. సమంగా ముగిసి, అదనపు ఆటలో మళ్లీ హాలే తన్నాడు. వాళ్లది గురి తప్పింది. 20-17. జనం మైదానంలోకి దూకి గోల్ స్తంభాలు పెరికేశారు.

నాలుగో ఆటలో మా పరుగు వీరుడు జమాల్ లూయిస్ మోకాలు దెబ్బతిని ఆ ఏటికి తప్పుకున్నాడు. మళ్లీ అదే పరిస్థితి, పెద్దవాడు లేడు. ఆ బరువు ట్రావిస్ హెన్రీ మీద పడింది. అక్టోబరు చివర సౌత్ కరోలినా మీద మార్టిన్ వరసగా 23 బంతులు తప్పకుండా అందించి జాతీయ రికార్డు రాశాడు.

నవంబరులో ఆర్కన్సాతో ఆట. ఒక దశలో 21-3తో వెనకబడ్డాం. చివరికి రెండు నిమిషాలు కూడా లేవు, వాళ్లు రెండు పాయింట్లు ముందున్నారు, బంతీ వాళ్లదే. మా బిల్లీ రాట్లిఫ్ ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. ఆ తోపులాటలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ తూలి, నిలదొక్కుకోబోయి చెయ్యి నేలకు ఆనించాడు. బంతి జారింది. దాని మీద పడింది కూడా రాట్లిఫే. అక్కడి నుంచి 43 గజాలు. అయిదుసార్లూ బంతి హెన్రీకే ఇచ్చారు. 28-24. అదంతా అదృష్టమని ఇప్పటికీ అంటారు. బంతి జారడం అదృష్టమే కావచ్చు, ఆ అయిదు పరుగులూ అదృష్టమంటే నేనొప్పుకోను.

1999 జనవరి 4న అరిజోనాలో ఫ్లోరిడా స్టేట్ మీద 23-16. ఆడినవి పదమూడు, గెలిచినవి పదమూడు. కోచ్ ఫిలిప్ ఫుల్మర్ ఒకప్పుడు అదే జట్టులో ఆడిన పూర్వ విద్యార్థి. మన సంఘంవాళ్లకి ఆ మాట రుచిస్తుందని చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. బెంచీ మీద కూర్చున్న ఆ రెండేళ్లూ మార్టిన్‌కు శిక్షణ ఆగలేదు. వాడి వంతు వచ్చాక చూద్దాంలే అని ఎవరూ అనలేదు. మన హాల్లో బోర్డు మీద ఏటా ఫస్టు వచ్చినవాళ్ల పేర్లున్నాయి. ఉండనివ్వండి, అందులో నా స్నేహితులూ ఉన్నారు. స్వర్ణోత్సవ నిధితో ఫస్టు వచ్చినవారికి బంగారు పతకం పెడదామని రేపటి సమావేశంలో ప్రతిపాదన వస్తోంది. పతకం వెండిదైనా ఫరవాలేదు. మిగిలిన డబ్బుతో వెనక బెంచీ పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే ఒక మాస్టారికి జీతం, డ్రిల్లు మాస్టారు అడుగుతున్న బంతులు, వలలు ఇద్దాం. నా వంతు పొద్దున్నే కోశాధికారి గారికి అందజేశాను. కాదనేవాళ్లుంటే రేపు పది గంటలకు లైబ్రరీ గదిలో వాదించుకుందాం.

భోజనాలు సిద్ధమట. సెలవు.