రోగి మనోవేదన మన వద్ద అమానతు

సమస్త స్తోత్రాలు అల్లాహ్ కొరకే. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.

ధర్మ సోదరులారా! నేడు మేము ప్రస్తావించదలచిన విషయం మిమ్బర్‌కు తగినది కాదని కొందరికి తోచవచ్చు. పక్షవాతం సోకినవారు, రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్నవారు, చక్కెర వ్యాధి ముదిరి కాలు తీసివేయబడినవారు ప్రతి మహల్లాలోనూ ఉన్నారు. వారు పునరావాస చికిత్స కొరకు ఆసుపత్రులకు వెళుతున్నారు. నడక తిరిగి నేర్చుకుంటున్నారు, మాట తిరిగి నేర్చుకుంటున్నారు. కొన్ని ఆసుపత్రులలో వ్యాయామం మొదలు పెట్టక మునుపే రోగి చేతికి ఒక ట్యాబ్ ఇస్తారు, లేదా ఇంటివారి ఫోనుకు ఒక లింకు పంపుతారు. అందులో కాలు గురించి, చేయి గురించి ప్రశ్నలుండవు. గత రెండు వారాలలో మనసు దిగులుగా ఉన్నదా, దేనిమీదనైనా ఆసక్తి తగ్గినదా, ఆందోళనను అదుపు చేసుకోలేకపోతున్నారా అని ఉంటుంది. ఈ ప్రశ్నలకు మన ఇండ్ల నుండి వెళుతున్న జవాబులను గురించియే ఈ ప్రసంగం.

జవాబు ఎక్కువగా ఎవరు ఇస్తున్నారు? కుమారుడు. తండ్రి చక్రాల కుర్చీలో పక్కనే ఉంటాడు. కుమారుడు ఫోను అందుకొని ఒక్క నిమిషంలో అన్నింటికీ ‘లేదు, లేదు’ అని వేలితో నొక్కివేస్తాడు. అడిగితే, “మా అబ్బా నమాజీ మనిషి, హజ్రత్. ఆయనకు అలాంటివి ఉండవు” అంటాడు. ప్రేమతోనే అంటాడు. కాని తండ్రి రాత్రంతా గోడవైపు తిరిగి పడుకొని మేలుకొనే ఉన్నాడన్న సంగతి ఇంటిలో ఆడవారికి తెలుసు.

నమాజీ మనిషికి దిగులు ఉండదన్న ఈ మాట ఎక్కడి నుండి వచ్చినదో మాకు తెలియదు. మన గ్రంథాల నుండి మాత్రం రాలేదు. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుతో ఎంత దుఃఖించారంటే వారి కన్నులు తెల్లబడిపోయాయని సూరా యూసుఫ్ తెలుపుతున్నది. వారి ప్రవక్తృత్వానికి ఆ కన్నీటి వలన ఏ లోటూ రాలేదు. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ ఒకే ఏడాది కన్నుమూసినప్పుడు, సీరత్ రచయితలు ఆ సంవత్సరానికే ‘ఆముల్ హుజ్న్’, అనగా దుఃఖ సంవత్సరమని పేరు పెట్టారు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు మహనీయ ప్రవక్త (స) కన్నీరు పెట్టగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి అడిగారు. అది కారుణ్యమని వారికి జవాబు లభించినది.

దైవప్రవక్త (స) తరచుగా అల్లాహ్ శరణు కోరిన విషయాలలో ‘హమ్మ్’, ‘హజన్’ అనే రెండు ఉన్నాయి. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. రాబోయేదానిని తలచి కలిగే కలత హమ్మ్ అనీ, జరిగిపోయినదానిని తలచి కలిగే వేదన హజన్ అనీ పండితులు వివరించారు. అదే దుఆలో ఆ వెంటనే అశక్తత, బద్ధకం వస్తాయి. పక్షవాత రోగి మంచం పక్కన ఒక పూట కూర్చున్నవారికి ఈ నాలుగూ ఒకే వరుసలో ఎందుకు చేరాయో వేరే చెప్పనవసరం లేదు. నేటి వైద్యులు చెప్పే రెండు వ్యాధులూ ఈ రెండు పదాలూ ఒకటేనని మేము అనడం లేదు. విశ్వాసి హృదయానికి ఇవి సోకుతాయని, సోకకూడదని కోరుకోవడం సున్నత్ అని మాత్రమే అంటున్నాము. దివ్య ఖుర్ఆన్‌లో హృదయాలలో రోగమున్నవారి ప్రస్తావన వచ్చే చోట్ల ఉద్దేశం కాపట్యం, సంశయం వంటివి. దానిని తెచ్చి మంచంపట్టిన మనిషి కంటినీటికి అంటగట్టేవారిని మేము చూశాము. అది అన్యాయం.

ఇక ఆ ప్రశ్నల సంగతి కొంత తెలుసుకుందాం. ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు పట్టికలు. కుంగుబాటు కొరకు పి.హెచ్.క్యూ-9, 2001లో వెలువడినది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుండి మూడు, మొత్తం 27. ఆందోళన కొరకు జి.ఎ.డి-7, 2006 నాటిది. ఏడు ప్రశ్నలు, మొత్తం 21. పది గాని, అంతకు మించి గాని వస్తే వైద్యుడు స్వయంగా కూర్చొని మాట్లాడి నిర్ధారించుకోవాలి. జ్వరమాని ఎంత వేడి ఉన్నదో చెబుతుంది గాని మలేరియానా, టైఫాయిడా అన్నది చెప్పదు. ఇదీ అంతే. తెర మీద అంకె చూసి “నాన్నకు పిచ్చి పట్టినదట” అని బంధువులకు ఫోన్లు చేయడం ఎంత తప్పో, అంకె తక్కువగా ఉన్నదని నిశ్చింతగా ఉండిపోవడం కూడా అంతే తప్పు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుందని వైద్యులు చెబుతున్నారు. అది ఆసుపత్రిలోనే రావాలని లేదు. పరామర్శకు వచ్చేవారు తగ్గిపోయి, ఇల్లు నిశ్శబ్దమైన కొన్ని నెలల తరువాత కూడా వస్తుంది. కనుక ఒకసారి అడిగి మానకూడదు.

పునరావాస రోగి విషయంలో మరికొన్ని చిక్కులున్నాయి. నిద్ర పట్టకపోవడం, అలసట, ఆకలి మందగించడం, కదలిక నెమ్మదించడం – ఇవి పి.హెచ్.క్యూ-9లో ఉన్నాయి, మెదడుకు తగిలిన దెబ్బ వల్లనూ వస్తాయి. ఏది ఎందువలన అన్నది యంత్రం విడదీయలేదు. 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే వైద్యులు ఆసుపత్రి రోగుల కొరకే 14 ప్రశ్నల పట్టిక తయారుచేసినప్పుడు ఇటువంటి శరీర లక్షణాలను పక్కన పెట్టడానికి కారణం ఇదే. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపున్నది కంటికి ఆనినా మనసుకు అందదు. తెర ఎడమ అంచున ఉన్న జవాబు వారి పాలిట లేనట్లే. మాట పోయినవారి సంగతి సరేసరి. వారికి బొమ్మలతో అడగాలి, ఓపికతో గమనించాలి. అందుకు శిక్షణ పొందినవారు కావాలి.

భాష మరొక అడ్డు. తెర మీద ‘నిరాసక్తత’, ‘నిస్పృహ’ అని కనిపిస్తే మన పెద్దమ్మలలో ఎందరికి బోధపడుతుంది? ఆమె నోట వచ్చేది “దిల్ ఘబ్రారా బేటా, జీ నై లగ్రా.” తెలుగే ఇంటిభాష అయిన మన నూర్‌బాషా సోదరులు “గాబరాగా ఉంది, బేజారుగా ఉంది” అంటారు. (ఆ ‘బేజారు’ పారసీ నుండి నడిచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటే.) ఆ మాటను ఆ ప్రశ్నకు జవాబుగా పట్టుకోగలవాడు కావాలి. అందుచేత, చదవలేని రోగికి చదివి వినిపించమని ఆసుపత్రిలో చికిత్స చేసేవారినే అడగండి. ఆ పనికి కుమారుడు, కోడలు తగరు. మేము కూడా తగము. కొడుకు ఎదుట తండ్రి, ఇమాము ఎదుట ముఖ్తదీ నిజం చెప్పడానికి మొహమాటపడతారు. ఇంటివారు కాసేపు గది బయట నిలబడితే సరిపోతుంది.

తొమ్మిదవ ప్రశ్న దగ్గర మన చేయి ఆగుతుంది. బ్రతికి ఉండడం కంటే చనిపోవడం మేలన్న తలంపు, తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు వచ్చినదా అని అది అడుగుతుంది. ఆత్మహత్య హరామ్, ఇందులో భిన్నాభిప్రాయం లేదు. దానివలననే మన వారు అక్కడ కళ్ళు మూసుకొని ‘లేదు’ అంటారు. సోదరులారా, మనసులో తనంతట మెదిలిన తలంపుకు మనం పట్టుబడమని హదీసులు భరోసా ఇస్తున్నాయి. చికిత్స చేసేవారికి దానిని తెలుపడం పాపాన్ని చాటుకోవడం కాదు, రోగ లక్షణాన్ని చెప్పడం. అడిగినందువలన లేని ఆలోచన పుడుతుందన్న భయం కూడా నిజం కాదు. ఎవరైనా ‘అవును’ అంటే ఆ రోజే ఒక మనిషి వారితో మాట్లాడాలి. ఆ జవాబును చదివే మనిషిని నియమించకుండా ప్రశ్న మాత్రం పెట్టే ఆసుపత్రిని నిలదీయడం మీ హక్కు. ఇంటిలో రోగిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రల డబ్బాలు అందకుండా ఉంచండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ జవాబులు అమానతు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చినది. దానికి ఎన్నో శతాబ్దాల ముందే మన ధర్మం సమావేశంలో విన్న మాటను అమానతుగా నిర్ణయించినది. ఈ జవాబులు ఎవరు చూస్తారు, ఎక్కడ దాస్తారు అని రోగి అడిగితే చెప్పవలసిన బాధ్యత ఆసుపత్రిది. ఇంటిల్లిపాది వాడే ఫోనులో ఆ లింకు తెరచి ఉంచకపోవడం మన బాధ్యత. మస్జిద్ మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ “వాడిది ఎర్రగడ్డ కేసు” అని నవ్వడం గీబత్ అవునో కాదో మమ్మల్ని ఫత్వా అడగనవసరం లేదు.

నజర్ తగిలినదని, జిన్ను పట్టినదని ముందుగా ఆమిల్ వద్దకు పరుగెత్తేవారికి ఒక మాట. ఖుర్ఆన్ పఠించి ఊదడం సున్నత్, మేమూ చేస్తాము. కాని చికిత్స చేయించుకోమని పల్లెవాసులైన అరబ్బులకు ఆదేశించినది కూడా ఆ ప్రవక్తే (స). ఆప్తుని పోగొట్టుకున్న ఇంటివారి మనసు కుదుటపడడానికి హజ్రత్ ఆయిషా (రజి) బార్లీతో చేసిన తల్బీనా వండించేవారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథంలో దేహానికి ఒక భాగం, మనసుకు ఒక భాగం కేటాయించారు. కారణం తెలిసిన దుఃఖమనీ, కారణం తెలియని దుఃఖమనీ విడదీసి, దేనికి ఏ చికిత్స అని వ్రాశారు. మన మదరసాలలో ఆయన పేరు వినబడకపోవడం మాకు బాధ కలిగిస్తుంది.

తెర మీది ప్రశ్నలు పట్టణాలకే పరిమితం కావు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో గత దశకంలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరిట ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ తిరిగి ఇటువంటి ప్రశ్నలే అడిగారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించారు. దానితో పాటు మనోవ్యాధి అంటే చిన్నచూపు పోగొట్టే ప్రచారం కూడా చేశారు. ఆ రెండవ పని మస్జిద్ చేయగలదు. అందుకు ట్యాబ్ అక్కరలేదు.

కుంగిన రోగి వ్యాయామం చేయడు. కోలుకొనడంలో మొదటి నెలలు ఎంతో విలువైనవి. అవి గోడవైపు చూస్తూ గడిచిపోతాయి. నిలబడి నమాజు చేయలేనివాడు కూర్చొని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చేయవచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి ప్రవక్త (స) తెలిపారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యం వ్యాధికాలంలోనూ వ్రాయబడుతుందని శుభవార్త ఇచ్చారు. ఈ వారం ఇయాదత్‌కు వెళ్ళినప్పుడు “సబర్ చేయండి” అని లేచిపోకుండా, ఈ రెండు మాటలూ చెప్పండి. తరువాత రాత్రి నిద్ర పడుతున్నదా అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.

ఓ అల్లాహ్! మంచాన ఉన్న మా పెద్దలకు, మా బిడ్డలకు స్వస్థత ప్రసాదించు. వారికి సేవ చేస్తూ అలసిపోయిన తల్లులకు, భార్యలకు బలం ఇవ్వు. వారి మనసులోని మాట వినే చెవులను మాకు ప్రసాదించు. ఆమీన్.