పేరు తెలియని వరస
(సభలో చేసిన ప్రసంగ పాఠం)

తెలుగు సభలో ఐర్లండ్ సంగీతం గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు "నిజంగానేనా?" అని రెండుసార్లు అడిగారు. నిజంగానే. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. నాతో పనిచేసే ఐరిష్ మిత్రుడొకాయన, వాళ్ళ మేనమామ ఇంట్లో వాయించగా ఎప్పుడో రికార్డు చేసిన క్యాసెట్‌ను సీడీగా మార్చి నాకిచ్చాడు. అట్ట మీద "జిగ్" అని తప్ప ఇంకేమీ లేదు. పేరడిగితే, "మామయ్య వాయించేవాడు, అంతే తెలుసు" అన్నాడు. పేరు తెలియని వరసలకు వాళ్ళ పుస్తకాల్లో "గన్ అనిమ్" అని వేస్తారు. ఐరిష్‌లో "పేరు లేనిది" అని అర్థం.

జిగ్ అంటే నాట్యానికి వాయించే వరస. లెక్క మనకు కొత్త కాదు: తకిట తకిట. రెండు తిశ్రాలు ఒక బారు. ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, తరువాత ఇంకో ఎనిమిది బార్లు రెండుసార్లు; మొత్తం 32.

వేగం సగానికి తగ్గించి, టిన్ విజిల్ మీద రెండేసి బార్ల చొప్పున చెవితోనే నేర్చుకున్నాను. స్వరాలు సరిచూస్తే అచ్చంగా మన ఖరహరప్రియ స్వరాలే! వాళ్ళు దాన్ని డోరియన్ అంటారు. గమకాలు మాత్రం వేరు. పై స్వరాన్ని తటాలున తాకి వదిలేది "కట్", స్వరం చుట్టూ తిరిగి వచ్చేది "రోల్". ఈ నగలన్నీ తీసేస్తే వరస అసలు రూపు బయటపడుతుంది. షడ్జం మీద నిలిచి పంచమానికి ఎగరడం, అదీ దాని ఎత్తుగడ.

పేరు పట్టుకోవడానికి ఆ ఎత్తుగడే ఆధారం. 1963లో "కోల్ రింకె" మొదటి సంపుటం ప్రచురించిన బ్రెండన్ బ్రాన్యఖ్, వరస మొదట్లో దెబ్బ పడే స్వరాలను అంకెలుగా మార్చి సూచిక తయారుచేశాడు. పేరు తెలియకపోయినా అంకెలతో వెతకొచ్చు. తరువాత క్రిస్ వాల్షా ఏబీసీ అనే లిపితో స్వరాలను మామూలు అక్షరాల్లో రాసే వీలు కల్పించాడు. ఇక మిగిలింది మా వృత్తివాళ్ళ పనే. ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక మాట ఇంకో మాట అవుతుందో లెక్కపెట్టడం. డబ్లిన్‌లో బ్రయన్ డుగన్ తయారుచేసిన ట్యూన్‌పాల్ ఇలాంటి లెక్కతోనే, మనం వాయించింది విని పేరు చెబుతుంది.

నా వరస పేరు "మోరిసన్స్ జిగ్" అని తేలింది. ఐరిష్ వాద్యగాళ్ళలో అది తెలియనివారు అరుదు. పేరు దొరకడం కంటే ఆ పేరు వెనకున్న కథే నన్ను కట్టిపడేసింది. జేమ్స్ మోరిసన్ స్లైగో నుంచి న్యూయార్క్ వలస వచ్చిన ఫిడేలు విద్వాంసుడు. ఈ జిగ్ ఆయనకు కెర్రీ నుంచి వచ్చిన టామ్ కార్మొడీ ద్వారా అందింది, కార్మొడీకి తండ్రి మోరిస్ ద్వారా. 1936లో రికార్డు చేసినప్పుడు దాని పేరు "మోరిస్ కార్మొడీకి ఇష్టమైనది". జనం మాత్రం మోరిసన్ పేరే పెట్టుకున్నారు. ఆ తండ్రి పేరు ఈనాటికీ మనకు తెలుస్తోందంటే, ఆ రోజు ఎవరో రికార్డు మీద రాశారు కాబట్టి.

ఇలా రాసి ఉంచడంలో వలస వచ్చినవాళ్ళది పెద్ద చెయ్యి. కార్క్ నుంచి వచ్చి 1901 నుంచి 1905 దాకా షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్, సాటి ఐరిష్ వాళ్ళ దగ్గర విన్న వరసలు సేకరించి, 1903లో 1,850 వరసలతో పుస్తకం వేశాడు. ఆయనకు స్వరలిపి రాయడం చేతకాదు. జేమ్స్ ఓనీల్ అనే మరో పోలీసాయన విని రాసిపెట్టాడు. ఆ పుస్తకం తరువాత ఐర్లండ్‌లోనే వాద్యగాళ్ళకు ప్రామాణికమయింది.

ఇప్పుడు మన సంగతి. మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు ఎన్నో "గన్ అనిమ్"లే. ఈసారి వాళ్ళు మన దగ్గరకు వచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి. చేసి ఊరుకోకండి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడేవారు, ఈ నాలుగు ముక్కలూ రాసిపెట్టండి. వరస పోల్చడానికి యంత్రాలున్నాయి. అది ఎవరి నోట వచ్చిందో చెప్పగలిగేది ఆ అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ ఉండగానే అడగాలి.