కోలా దాటే రోడ్డు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను "ఆస్ట్రేలియా విశేషాలు నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. బీచ్‌లూ, వంతెనలూ మీ పిల్లలు పంపిన ఫోటోల్లో చూసే ఉంటారు. నేను ఒక సాయంత్రం సంగతి చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది గనుక కొంచెం ఓపికగా వినండి.

2023 ఆగస్టులో మా అబ్బాయి దగ్గరికి బ్రిస్బేన్ వెళ్లాను. వాళ్లుండేది నగరానికి ఆగ్నేయంగా, తీరం వైపు పేటలు. ఇళ్ల మధ్యే యూకలిప్టస్ చెట్లు. మనం నీలగిరి చెట్టంటామే, ఆ జాతివి. వాటి ఆకులే కోలాకి తిండి. చాలామంది ఎలుగుబంటి అనుకుంటారు గానీ అది కంగారూలాగా పిల్లను సంచిలో పెంచే జంతువు. రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు చెట్టు మీద నిద్రపోతుంది. (మా మనవరాలు "తాతయ్యా, మీలాగే" అంది.) కానీ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వాటికి జతకట్టే కాలం. అప్పుడు చెట్టు దిగి, చీకటి పడ్డాక నేల మీద నడుస్తాయి. కుర్ర మగవి కొత్త చోటు వెతుక్కుంటూ పోతాయి. దారిలో మన రోడ్డు అడ్డం వస్తుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆరున్నరకి కోడలు కారు నడుపుతోంది, నేను పక్కన కూర్చున్నాను. ముందు కారు ఏదో గుద్ది ఆగకుండా పోయింది. మా లైట్ల వెలుగులో బూడిదరంగు మూట లాంటిది కనిపించింది. నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఆపకమ్మా, మనకెందుకు, పోదాం పద." జీవితమంతా సాక్షి సంతకం పెట్టడానికి భయపడినవాడిని. కోడలు, "కాదు మావయ్యగారూ, సంచిలో పిల్ల ఉండొచ్చు" అని కారు పక్కకి తీసి ఫోను చేసింది.

అరగంటలో ఒక పెద్దావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది, జీతం లేని స్వచ్ఛంద సేవకురాలు. తల్లి చచ్చిపోయింది. పిల్ల బతికే ఉంది. దాన్ని చనుమొన నుంచి లాగకూడదట, లాగితే నోరు దెబ్బతింటుంది. అందుకని తల్లితో సహా తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేసింది. కోలా పిల్ల పుట్టినప్పుడు రెండు సెంటీమీటర్లే ఉంటుంది, ఆరు నెలల దాకా సంచి వదలదు. ఇవన్నీ ఆవిడ చెప్పినవే.

తర్వాత ఆవిడ ఫోనులో ఒక ఫారం తెరిచింది. ఎన్ని గంటలకి? ఏ వైపు నుంచి ఏ వైపుకి దాటుతోంది? ఆడా, మగా? బతికుందా? సరిగ్గా ఏ చోటు? ఆ చోటుకి ఉపగ్రహం చెప్పే అంకెలు. "ఫలానా బడి దగ్గర అని రాస్తే చాలదా?" అని కోడలు చేత అడిగించాను. బడి దగ్గర అంటే అరకిలోమీటరు, కంచె వెయ్యాల్సింది ఎక్కడో తెలియదు అంది.

అక్కడ నాకు 1987 గుర్తొచ్చింది. అప్పుడు ఒక ఇంజనీరింగు శాఖ డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. రోడ్డు ప్రమాదాల స్టేటుమెంటు మూడు నెలలకొకసారి తయారుచేసేది నేనే. "స్థలము" అన్న కాలములో కింద నుంచి వచ్చినట్టే "ఫలానా గ్రామ శివారు" అని దించేవాణ్ణి. కిలోమీటరు రాయి నంబరు అడుగుతూ తిప్పి పంపితే గడువు దాటిపోతుందని భయం. ఏడాదిలో నాలుగు గ్రామాల పేర్లతో అయిదు ప్రమాదాలు నమోదయ్యాయి. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరుగారు స్వయంగా వెళ్లి చూస్తే అయిదూ ఒకే కల్వర్టు మలుపు. నాలుగు ఊళ్ల పొలిమేరలు అక్కడ కలుస్తాయి. ఈలోగా అక్కడే ఇంకో ఇద్దరు పోయారు. నా స్టేటుమెంటు గడువులోపలే వెళ్లింది, మెమో రాలేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మనం బ్లాక్ స్పాట్ అంటాం, వాళ్లు హాట్‌స్పాట్ అంటారు. పని ఒకటే. ఏళ్ల తరబడి వచ్చిన నమోదులను పటం మీద చుక్కలుగా పెడతారు. అవి రోడ్డంతా సమంగా పడవు, కొన్ని చోట్ల గుంపులుగా పడతాయి. ఆ చోటికి వెళ్లి చూస్తే సాధారణంగా కారణం కనబడుతుంది. రెండు వైపులా చెట్లు దగ్గరగా రావడం, వాగు రోడ్డుకి అడ్డంగా పోవడం, కార్లు వేగంగా పోయే వాలు.

మా అబ్బాయి పేటలున్న ఆ ప్రాంతాన్ని కోలా కోస్ట్ అంటారు. 1995 నుంచి 1999 దాకా అక్కడ ఒక ప్రయోగం చేశారు. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు రాత్రివేళ వేగం తగ్గించమని బోర్డులు పెట్టారు. ఆ అయిదేళ్లలో కోలా కోస్ట్‌లో కార్ల కింద పడ్డవి 1407. ఎక్కువభాగం ఆరోగ్యంగా ఉన్న కుర్ర మగవే. బోర్డుల వల్ల ఆ సంఖ్య తగ్గినట్టు తేలలేదు. బోర్డు చదివి వేగం తగ్గించేవాడు అక్కడా అరుదే అన్నమాట!

అందుకని కంచెలు, కింద దారులు. కంచె అంటే మామూలు వల చాలదు, కోలా ఎక్కేస్తుంది. గోరు పట్టని నున్నని రేకు బిగిస్తారు. కంచె జంతువును కల్వర్టు వైపు నడిపిస్తుంది. కల్వర్టు లోపల నీళ్లొచ్చినా తడవకుండా గోడ పక్కన ఎత్తుగా చెక్క అరుగు కడతారు. కోలా అలాంటి గొట్టంలోంచి పోతుందా అని చాలామందికి అనుమానం ఉండేది. గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వారు కెమెరాలు పెట్టి, కోలాలకు గుర్తింపు చిప్పులు తగిలించి చూస్తే అవి వాడుకుంటున్నాయని తేలింది. బ్రిస్బేన్ దక్షిణాన కాంప్టన్ రోడ్డును నాలుగు వరుసలకు వెడల్పు చేసినప్పుడు, 2005 ప్రాంతంలో, జంతువుల కోసం రోడ్డు మీదుగా మట్టి పోసి చెట్లు నాటిన వంతెనే కట్టారు. అబ్బాయి ఆ దారిన తీసుకెళ్లాడు. కింద కార్లు పోతున్నాయి, మీద అడవి. నేను ఏ జంతువునూ చూడలేదు లెండి, మిట్టమధ్యాహ్నం కదా.

అయితే కంచె ఎక్కడ ముగిస్తే అక్కడికే జంతువు నడుచుకుంటూ వెళ్లి దాటుతుంది. అప్పుడు హాట్‌స్పాట్ జరిగిందే గానీ పోలేదు. ఇళ్ల గేట్లున్న చోట కంచెకి సందులు వదలక తప్పదు. పొరపాటున రోడ్డు వైపు చిక్కుకున్నదానికి తిరిగి ఎక్కిపోవడానికి ఏటవాలుగా దుంగలు ఆనించాలి. కంచె మీద కొమ్మ విరిగిపడితే అదే నిచ్చెన. కట్టడానికి బడ్జెటు దొరికినంత సులభంగా మరమ్మతుకి దొరకదని మీకు నేను చెప్పాలా?

ఇంకొక సంగతి. ఒక రోడ్డు మీద ఈ ఏడు చావులు తగ్గాయంటే సంతోషించే ముందు అక్కడ కోలాలు మిగిలాయా అని చూడాలి. 1996 నుంచి 2014 లోపల కోలా కోస్ట్‌లో సుమారు ఎనభై శాతం తగ్గిపోయాయి. చెట్లు కొట్టెయ్యడం, జబ్బు, కుక్కలు, కార్లు అన్నీ కలిసి. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల కోలాను అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. కాలము ఖాళీగా ఉంటే రోడ్డు బాగుపడినట్టు కాదు. దాటడానికి ఎవరూ లేకపోయినా అది ఖాళీగానే ఉంటుంది.

శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు దగ్గర బండ్లు ఆపేస్తారని మనలో చాలామంది విసుక్కున్నవాళ్లమే, నేనూ విసుక్కున్నాను. అడవి రోడ్డు గనుక అలా మూయగలరు. ఊరి మధ్య రోడ్డు మూయలేరు, అదీ వాళ్ల చిక్కు.

మనలో ఎంతోమంది పిల్లలు ఆ పేటల్లోనే ఉన్నారు. ఫోనులో "భోంచేశావా" అని అడిగాక, చీకటి పడ్డాక చెట్లున్న రోడ్డులో నెమ్మదిగా వెళ్లమని చెప్పండి. దెబ్బతిన్నది కనబడితే ఆగి, జంతు రక్షణ వారి నంబరుకి ఫోను చేసి, సరిగ్గా ఎక్కడో చెప్పమనండి. చచ్చిపోయినా చెప్పమనండి. అదీ నమోదు కావాలి.

ఆ పిల్ల గురించి అడుగుతారని తెలుసు. నేను ఫిబ్రవరిలో తిరిగొచ్చేనాటికి ఒక సంరక్షకురాలి ఇంట్లో ఆకులు తింటోందని చెప్పారు. చెట్ల మీదికి వదిలారో లేదో ఇంకా కబురు లేదు. కోడలు మాత్రం ఇప్పుడు సాయంత్రాలు వేరే దారిన ఇంటికొస్తోంది. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుందట.

భోజనాలు సిద్ధమని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.