సంతాన వైద్యం – స్త్రీ సమ్మతి
(మన సంఘం వార్షిక సమావేశం, తిరువూరు – ప్రసంగ పాఠం)



ఇటువంటి విషయం సభలో మాట్లాడడమేమిటని కొందరు మొహమాటపడవచ్చు. కాని నలుగురిలో మాట్లాడని ఈ సంగతే నాలుగు గోడల మధ్య ఎందరో ఆడపిల్లల చేత కన్నీరు పెట్టిస్తున్నది. పెళ్ళయి రెండేళ్ళు దాటితే చాలు, "ఇంకా విశేషమేమీ లేదా?" అని చుట్టాలు మొదలుపెడతారు. మూడో యేట కోడలిని విజయవాడకో, ఖమ్మానికో డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు. కొడుకును మాత్రం తీసుకువెళ్ళరు!

లోపం ఆడదానిలోనే వుండాలని ఎక్కడుంది? దాదాపు సగం జంటల్లో మగవాని లోపం కూడా వుంటుందని వైద్యులు చెబుతున్నారు. పైగా మగవానికి చేసే వీర్యపరీక్ష సులువు, ఖర్చు తక్కువ. ఆడవారి పరీక్షలే ఎక్కువ, కష్టమైనవి కూడా.

1978 జులై 25న ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అదే సంవత్సరం అక్టోబరు 3న డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో కలకత్తాలో మన దేశపు మొదటి బిడ్డ పుట్టింది. ఇద్దరూ ఆడపిల్లలే. ఈ వైద్యంలో స్త్రీకి పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. మత్తు ఇచ్చి సూదితో అండాలు తీసి, భర్త వీర్యకణాలతో కలిపి, కొద్ది రోజులు పెంచిన పిండాన్ని గర్భసంచిలో వుంచుతారు. మొదటిసారే ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వయస్సు పెరిగేకొద్దీ ఆశ తగ్గుతుంది. 1992లో వచ్చిన ఇక్సీ పద్ధతి ముఖ్యంగా మగవాని లోపానికి మందు. అయినా సూదులు పొడిపించుకునేది భార్యే! అటువంటప్పుడు ఆమె ఇష్టం అడగకుండా తేదీ నిర్ణయించడం ఏమి న్యాయం?

ఇది మతానికి విరుద్ధమా అని కొందరి సందేహం. 1986లో అమ్మాన్ నగరంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి, అయిదింటిని నిషేధించింది. నికాహ్ బంధంలో వున్న భార్యాభర్తల మధ్యనే జరిగే రెండింటిని అవసరమైతే చేయించుకోవచ్చన్నది. మూడో మనిషి అండం, వీర్యం, గర్భసంచి కూడదన్నది. అనుమతి వున్నదంటే చేయించుకొని తీరాలని కాదు గదా!

2019 సెప్టెంబరులో గుంటూరులో 74 యేళ్ళ స్త్రీ ఈ వైద్యంతో కవల ఆడపిల్లలను కన్నది. లోకం గొప్పగా చెప్పుకున్నది. కాని గొడ్రాలన్న మాట పడలేక ఆమె ఎన్నేళ్ళు కుమిలిందో ఆలోచించినవారు తక్కువ. 2021 నాటి చట్టం ప్రకారం ఇప్పుడు 50 యేళ్ళు నిండిన స్త్రీకి ఈ వైద్యం చేయరాదు. భార్యాభర్తలిద్దరి వ్రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. పిండాన్ని గర్భంలో వుంచకముందు ఎప్పుడైనా ఆమె వద్దనవచ్చు. ఈ హక్కు మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

దివ్య ఖురాన్ షూరా అధ్యాయంలో సంతాన ప్రస్తావన వచ్చినచోట ఆడపిల్లల మాట ముందు వస్తుంది, మగపిల్లల మాట తరువాత. కొందరికి సంతానం లేకపోవడమూ అల్లాహ్ ఇష్టమేనని అక్కడే వున్నది. హజ్రత్ ఆయిషా (రజి)కు పిల్లలు లేరు. అక్కగారి కుమారుని పేరుతో ఉమ్మె అబ్దుల్లా అనిపించుకున్నారు. రెండు వేలకు పైగా హదీసులు ఆమె ద్వారా మనకు అందాయి. విశ్వాసులకు తల్లి అయిన ఆమెను తక్కువ చేసే ధైర్యం ఎవరికున్నది? మరి మన కోడలిని ఎందుకు తక్కువ చేస్తున్నాం?

కనుక పెద్దలకు నాలుగు మనవులు. మొదటిది, పరీక్షలు ఇద్దరికీ చేయించండి. రెండవది, కాగితాల మీద సంతకానికి ముందు అందులో ఏముందో అమ్మాయికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, ఒంటరిగా కూర్చోబెట్టి ఆమె మనసులో మాట అడగండి. మూడవది, ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ వున్నదో లేదో చూడండి. 2025 జులైలో సికింద్రాబాదులో, తమ బిడ్డేనని ఇచ్చిన శిశువు డి.ఎన్.ఏ. కలవలేదని ఒక జంట ఫిర్యాదు చేస్తే పోలీసు కేసయింది. మగపిల్లవాడే కావాలని అడగకండి. అది 1994 చట్టం ప్రకారం నేరం. నాలుగవది, "ఇక చాలు" అని ఆమె అంటే ఆపండి. తలాక్ అనో, రెండో నికాహ్ అనో బెదిరించకండి.

మన సంఘం మహిళా సభ్యులు ఇటువంటి అమ్మాయిలకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు. తోడు వుంటే నోరు విప్పే ధైర్యం వస్తుంది.

బిడ్డ అల్లాహ్ ఇచ్చే వరం. ఆ బిడ్డ కోసం ఇంట్లోని మరో తల్లి బిడ్డను ఏడిపించడం మాత్రం పాపమని గుర్తుంచుకుందాం. అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.