చక్కెర డబ్బు ఎటు పోయింది?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బీర్పూర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకుంటాం. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. భోజనాలు చేసి ఇళ్లకు పోతాం. ఈసారి కార్యదర్శి గారు నాకు వేరే విషయం అప్పగించారు. చితికిపోయిన ఒక చిన్న దేశం ఎట్లా తేరుకుంటుంది అన్నది వారి ప్రశ్న. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, ముప్పై యేళ్లకు పైగా కాగితాలు రాసినవాణ్ణి. కాబట్టి దేశమైనా సరే, జమ ఎంత, ఖర్చు ఎటు అన్న రెండు కాలములలోనే చూడగలను.

నేను ఎన్నుకున్న దేశం మారిషస్. దానికి కారణం ఉంది. హిందూ మహాసముద్రంలోని ఆ ద్వీపంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. చెరకు తోటల్లో పని చేయడానికి 1834 తర్వాత మన దేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారిలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారూ ఉన్నారు. నిజాం ఇలాకాలోని మన వాళ్లకు సముద్రం లేదు గనుక మనం భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయాం. తర్వాత గల్ఫ్‌కు పోయాం. అది వేరే కథ అనుకోకండి, అక్కడికే వస్తున్నాను.

మారిషస్ ఎంత దేశమో ముందు చెప్పాలి. విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. మన జగిత్యాల జిల్లా అంతకంటె పెద్దది, సుమారు 2,400. వారి జనాభా పన్నెండున్నర లక్షలకు అటూ ఇటూ, మనది 2011 లెక్కల్లో పది లక్షలకు కాస్త తక్కువ. అంటే మన కలెక్టరు గారి కింద ఉన్నంత నేల మీద ఒక దేశం, ఒక జెండా, ఒక రూపాయి. వారి నాణెం పేరు కూడా రూపాయే.

1968 మార్చి 12న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటి పరిస్థితి విన్నవారెవరూ అది బాగుపడుతుందని చెప్పరు. ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా చక్కెర ఒక్కటే. 1960లో వచ్చిన కెరోల్ తుఫాను చెరకును నేలమట్టం చేసి వేలాది కుటుంబాలకు గూడు లేకుండా చేసింది. జనాభా ఏటేటా పెరుగుతోంది, పని లేదు. జేమ్స్ మీడ్ అనే ఆంగ్లేయ ఆర్థికవేత్త 1961లో పరిశీలించి, ఈ దేశానికి మంచి రోజులు వచ్చే సూచనలు పెద్దగా లేవని రాశాడు. ఆయన తక్కువవాడేమీ కాదు, 1977లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. దానికి తోడు జాతుల మధ్య అపనమ్మకం. 1967 ఎన్నికల్లో నూటికి 44 మంది స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికే ఓటు వేశారు. స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు రాజధాని పోర్ట్ లూయీలో కొట్లాటలు జరిగి బ్రిటిష్ సైన్యం దిగవలసి వచ్చింది.

మరి ఏం చేశారు? మొదటి పని, కొట్లాడుకున్న ఇద్దరు కూర్చున్నారు. ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ 1969లో ప్రతిపక్షాన్ని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. స్వాతంత్ర్యం వద్దన్న నాయకుడే విదేశాంగ మంత్రి అయి, మా దేశంలో ఫ్యాక్టరీ పెట్టండి, మా సముద్రం చూడడానికి రండి అని దేశాలు తిరిగాడు. కుటుంబ నియంత్రణ విషయంలోనూ అంతే. చర్చి ఒప్పుకునే పద్ధతులకూ సాయం, ఒప్పుకోని పద్ధతులకూ సాయం. ఎవరినీ నొప్పించకుండా జననాల సంఖ్య తగ్గించుకున్నారు. మనలో ఇద్దరు రిటైర్డు ఉద్యోగులు ఒక సంఘం కింద ఉండలేక రెండు సంఘాలు పెట్టుకున్న ఊళ్లు నాకు తెలుసు కాబట్టి, ఇది చిన్న పని అని నేను అనుకోను.

రెండోది, 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం చేశారు. విదేశాలకు అమ్మే సరుకు తయారుచేసే ఫ్యాక్టరీకి యంత్రాల మీద, ముడిసరుకు మీద సుంకం లేదు, పన్నులో మినహాయింపు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఫలానా చోట కంచె వేసి అక్కడే పెట్టమనలేదు. దీవిలో ఎక్కడ పెట్టినా ఆ వసతులు వర్తించాయి. దాంతో కుట్టు ఫ్యాక్టరీలు పల్లెల దగ్గరికే వచ్చాయి. చెరకు తోటల్లో పని చేసిన కూలీల బిడ్డలు మిషన్ల ముందు కూర్చున్నారు. పనివాళ్లలో ఎక్కువ మంది స్త్రీలే. జీతాలు తక్కువ, గంటలు ఎక్కువ, ఆ మాట కూడా చెప్పాలి. అయినా అది నెలనెలా వాళ్ల చేతికి వచ్చే డబ్బు.

మూడవది మన ప్రశ్నకు అసలు జవాబని నా అభిప్రాయం. 1974, 75లలో ప్రపంచంలో చక్కెర ధర విపరీతంగా పెరిగింది. 1975 నుంచి ఐరోపా దేశాలు ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను మంచి ధరకు కొనే ఒప్పందం కుదిరింది. ఆకాశం నుంచి ఊడిపడ్డ డబ్బు అనుకోండి. ఆ డబ్బులో కొంత ప్రభుత్వం చక్కెర ఎగుమతి సుంకంగా వసూలు చేసింది. మిగిలినదాన్ని తోటల యజమానులు మళ్లీ తోటల్లోనే పొయ్యలేదు, చాలా భాగం ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో పెట్టారు. హాంకాంగ్ వ్యాపారులు వచ్చిన మాట నిజమే గాని, స్థానికుల పెట్టుబడి తక్కువేమీ కాదు. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం చేశారు. చక్కెర తియ్యగా ఉన్న రోజుల్లోనే చక్కెర లేని రోజు కోసం దారి వేసుకున్నారు.

తప్పులూ చేశారు. వచ్చిన డబ్బు చూసి చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టి అప్పుల్లో పడ్డారు. 1979లో, మళ్లీ 1981లో రూపాయి విలువ తగ్గించుకున్నారు. ఆ తర్వాత అనిరుధ్ జగన్నాథ్ ప్రధానిగా ఉన్న కాలంలో కుట్టు పరిశ్రమ ఊపందుకుంది. ఎనభైల మొదట్లో అయిదుగురిలో ఒకరికి పని లేని దేశంలో పదేళ్లు తిరిగేసరికి పనివాళ్లే దొరకని పరిస్థితి వచ్చింది. మనలాంటివాళ్లకు వింతగా తోస్తుంది గాని, ఉన్ని స్వెట్టర్ల ఎగుమతిలో ఆ వేడి దీవి ప్రపంచంలో ముందు వరుసలో నిలబడింది. 2005లో బట్టల కోటాలు పోయినప్పుడు, ఆ వెంటనే ఐరోపా చక్కెర ధర తగ్గించినప్పుడు ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది వీధిన పడ్డారు. అయితే అప్పటికి చేతిలో పర్యాటకం ఉంది, బ్యాంకులున్నాయి, చదువుకున్న పిల్లలున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకూ చక్కెర ఉండేది. ముత్యంపేట ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడ్డప్పుడు చెరకు రైతు చాలావరకు వరి వైపు తిరిగాడు. సిరిసిల్లకు మగ్గాలున్నాయి. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరెల ఆర్డరుతో సాంచాలు ఆడాయి, ఆ ఆర్డరు ఆగినప్పుడు అవీ ఆగాయి. ఒక్క కొనుగోలుదారును నమ్ముకుంటే అంతే, అది ఐరోపా అయినా మన సర్కారు అయినా. ఆడవాళ్లకు బీడీలు. వరికి శ్రీరాంసాగర్ నీళ్లు. ఇక మనకు ఆకాశం నుంచి ఊడిపడ్డ డబ్బంటే గల్ఫ్ డబ్బు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆ డబ్బు చూడని గల్లీ లేదు.

మా తమ్ముడు 1981లో దుబాయి పోయాడు, 2003లో తిరిగి వచ్చాడు. డ్రాఫ్టులన్నీ నా పేర పంపేవాడు. నేను గుమాస్తాను గదా, ఒక లాంగ్ సైజు పుస్తకంలో ప్రతి పైసా రాశాను. మొన్న ఈ ప్రసంగం కోసం ఆ పుస్తకం తీసి కూడిక వేశాను. పాత లెక్కలో చెబుతాను. రూపాయిలో అయిదణాలు ఏజెంటు అప్పుకూ, దాని మిత్తికీ. నాలుగణాలు స్లాబు ఇంటికి. మూడణాలు ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లకు. రెండణాలు నాలుగు బోర్లకు, అందులో మూడింటిలో చుక్క పడలేదు. మిగిలిన రెండణాలు తిండికి, పండుగలకు, ఆస్పత్రికి. ఇరవై రెండేళ్ల ఎడారి ఎండలో మళ్లీ పది రూపాయలు తెచ్చే పద్దు నాకు ఒక్కటీ దొరకలేదు.

ఒక పద్దు ఉండవలసింది. వాడి బిడ్డ పదవ తరగతి ఫస్టు క్లాసులో పాసయింది. జగిత్యాలలో హాస్టలు పెట్టి చదివిద్దామని తమ్ముడు ఉత్తరం రాశాడు. ఆడపిల్లకు హాస్టలు ఎందుకు, సంబంధం వచ్చింది, చేసేద్దాం అని జవాబు రాసింది నేను. ఆ యేడే పెళ్లి అయింది. ఆ ఖర్చూ అణాల లెక్కలోకి రాలేదు, ఎందుకంటే దానికి కొత్తగా అప్పు తెచ్చాం. మారిషస్‌లో హైస్కూలు ఉచితమని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జిల్లా దేశం కాదు, మనం చట్టాలు చేయలేం, సుంకాలు ఎత్తివేయలేం అని మీరనవచ్చు. నిజమే. కాని ముల్కనూరు రైతులు 1956లో సహకార సంఘం పెట్టుకున్నప్పుడు వాళ్ల దగ్గరా చట్టం చేసే అధికారం లేదు. అప్పు, ఎరువు, అమ్మకం ఒక కప్పు కిందికి తెచ్చుకున్నారు, వడ్లను వడ్లుగా అమ్మడంతో ఆగకుండా విత్తనంగా చేసి అమ్మారు. 2000లో అక్కడి ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టుకున్నారు. మన ఊళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు ఇంటింటికీ విడివిడిగా వచ్చింది, విడివిడిగానే పోయింది. నలుగురం కూర్చుని దీనితో ఏం చేద్దాం అని అడిగిన సభ ఒక్కటీ నాకు గుర్తు లేదు. అడగవలసినవాళ్లం మనమే, నెల జీతం వచ్చేవాళ్లం, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లం.

ఆ బిడ్డ కొడుకు నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఐటీఐ చదివాడు. "తాతా, వీసా వచ్చింది, రెండేండ్లు పోయొస్త, బ్యాంకుల నువ్వు సంతకం పెడితే చాలు" అన్నాడు. నా పెన్షను పూచీ కావాలన్నమాట. వద్దనడానికి నాకు నోరు రాలేదు, ఇక్కడ వాడికి చూపించడానికి నా దగ్గర పని లేదు. సరే అనడానికీ చెయ్యి రాలేదు. ఆ పుస్తకం వాడి ముందు పెట్టి చదువుకోమన్నాను. చీకటి పడేదాకా పేజీలు తిప్పాడు. వాళ్లమ్మ పెళ్లి పద్దు దగ్గర ఆగి, "ఈ రాత నీదేనా?" అని అడిగాడు. నాదే అన్నాను.

వాడికి ఆదివారం జవాబు చెబుతానన్నాను. పుస్తకం ఇవాళ సంచిలో తెచ్చాను. భోజనాల తర్వాత చూడదలచినవారు చూడవచ్చు. ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఉన్నవారు వచ్చే నెల సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.